చివర దాటేవాడు

మా సైకిల్ క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఆదివారం రైడ్‌కి పదకొండు నియమాలున్నాయి. వాటిని తెలుగులో రాసిపెట్టింది నేనే. హెల్మెట్ లేకుండా రాకూడదు. రెండు వరుసలకు మించి తొక్కకూడదు. ముందు వెళ్ళే లీడర్ని దాటిపోకూడదు. గుంత కనబడితే వెనకవాళ్ళకి చెయ్యి కిందికి చూపించాలి, ఆగాలంటే పిడికిలి పైకెత్తాలి. కూడలి దగ్గర ఇద్దరు మార్షల్స్ అడ్డంగా నిలబడి బళ్ళని ఆపితే గుంపంతా ఒక్కసారే దాటాలి. ఎవరూ తప్పిపోకుండా చూసుకోవడానికి అందరికంటే వెనక ఒక మనిషి రావాలి. ఆ మనిషిని మావాళ్ళు స్వీపర్ అంటారు. నియమాలు పెట్టిన రోజున మా క్లబ్బు అధ్యక్షుడు నాకు చప్పట్ల బొమ్మలు ఐదు పంపాడు. ఆయన ఊళ్ళో పళ్ళ డాక్టరు, బొమ్మలు పంపడంలో చెయ్యి పెద్దది.

ఆ పదకొండింటిలో సగం ఇంటర్నెట్‌లో దొరికాయి. మిగతా సగం నేను పాతికేళ్ళ కిందట మామిడికాయలు కోసే ముఠాలో నేర్చుకున్నవి. ఆ సంగతి మాత్రం గ్రూపులో ఎవరికీ చెప్పలేదు. లెక్కల మాస్టారు ఒకప్పుడు కోతకి వెళ్ళేవాడంటే ఏమనుకుంటారోనని సిగ్గుపడ్డాను. షుగరు తగ్గుతుందని చేరిన క్లబ్బు అది. షుగరు తగ్గలేదు గానీ, పెద్దమనుషులతో కలిసి తొక్కుతున్నానన్న గర్వం మాత్రం బాగానే పెరిగింది.

డిగ్రీ చదివే రోజుల్లో మూడు వేసవులు మా ఊరి ముఠాతో వెళ్ళాను. మా ఊరు నూజివీడుకి ఆనుకునే ఉంటుంది. ఏప్రిల్ వచ్చిందంటే పొద్దున్నే నాలుగున్నరకల్లా చర్చి ముందు సైకిళ్ళు చేరేవి. ఎండ ముదిరేలోగా కాయ కోసి వ్యాపారి షెడ్డుకి చేర్చాలి, అందుకని ఆ తొందర. ఒక్కొక్కడి సైకిలు మధ్యకడ్డీకి, కాయ కిందపడకుండా పట్టే చిక్కం కట్టిన వెదురుగెడ ఉండేది. గెడ చివర వెనకవాడి కంట్లో పొడుచుకోకుండా పాత గుడ్డ చుట్టేవాళ్ళం. నా గెడకి మా అమ్మ తన పాత రవికె చుట్టి ఇచ్చింది, మూడేళ్ళూ అదే ఉంది.

మొదటిరోజు ముఠాకి ముందు ఆయాసం ఉన్న పెద్దాయన తొక్కుతున్నాడు. తొక్కడమంటే అదేదో మొక్కుబడి తీర్చుకుంటున్నట్టు తొక్కుతున్నాడు. నాకు ఇరవయ్యేళ్ళు, కాళ్ళు ఊరుకోవు. ఎందుకీ నత్తనడక అనుకుని పక్కనుంచి దూసుకుపోయాను. ఎవరూ కేకెయ్యలేదు. తోట దగ్గరికి అందరికంటే పావుగంట ముందు చేరి, తాళం వేసిన గేటు ముందు నిలబడ్డాను. తాళంచెవి ముఠా మేస్త్రి దగ్గరుంది.

మేస్త్రిని నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. మా నాన్నకి స్నేహితుడు, మా చర్చివాడు కాదు, మా వీధివాడు. ఆయన తీరిగ్గా వచ్చి సైకిలు దిగి, గేటు తాళం తీస్తూ అడిగాడు.

"ఏంటి అబ్బాయ్, ముందొచ్చావుగా. ఎన్ని కాయలు కోశావు?"

అందరూ నవ్వారు. అందరికంటే మెల్లగా తొక్కేవాణ్ణే ముందు పెడతారనీ, అతని వేగమే అందరి వేగమనీ ఆరోజు తెలిసింది. ఒకడి చైను ఊడిందంటే అందరూ దిగాల్సిందేనని రెండోరోజు తెలిసింది, ఎందుకంటే ఊడింది నాదే. ఒక్కరూ విసుక్కోలేదు. ఒకడు టార్చి పట్టుకున్నాడు, ఒకడు బీడీ ముట్టించాడు, ఆయాసం పెద్దాయన ఈలోగా ఊపిరి తీసుకున్నాడు. నా చైను ఊడటం ఆయనకి దేవుడిచ్చిన వరంలా అనిపించిందట, తర్వాత చెప్పాడు.

ముఠాలో చివరి స్థానాన్ని తోక అనేవాళ్ళు. క్లబ్బులో స్వీపర్ పని కొత్తగా చేరినవాడికి అంటగడతాం, ఎవడూ ఇష్టపడడు కాబట్టి. ముఠాలో తోకని ఎవరికిపడితే వాళ్ళకి ఇచ్చేవాళ్ళు కాదు. నేను వెళ్ళిన మూడేళ్ళూ, ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు పైనా, తోక ఒక్కడే. అతన్ని నేను మావయ్యా అనేవాణ్ణి. ఎప్పుడూ చేతిలో టార్చి ఉండేది కాబట్టి ఊళ్ళో పిల్లలకి అతను లైటు మావయ్య. మా చర్చిలో వెనక బెంచీలో కూర్చునేవాడు, అక్కడా చివరే. రోడ్డు దాటాల్సి వస్తే ముఠా అంతా దాటేదాకా ఇవతలే నిలబడేవాడు. అవతల టార్చి వేసి తలలు లెక్కపెట్టుకుని, అన్నీ సరిపోయాకే తను దాటేవాడు. తన వెనక మనిషన్నవాడు మిగలకూడదు. తోక పని అంతే.

ఇంకో ఆచారం ఉంది. ముఠాలో ఒకప్పుడు తొక్కి ఏ కారణంగానో మానేసినవాళ్ళ ఇంటి ముందునుంచి వెళ్తే, అందరూ తలా ఒకసారి బెల్లు కొట్టాలి. మోకాళ్ళు అరిగినవాడైనా, మంచాన పడ్డవాడైనా, వేరే పని చూసుకున్నవాడైనా సరే. మనిషి పోయినా ఒక సీజనంతా కొడతారు. నిన్ను మర్చిపోలేదని చెప్పడమో, లేచి రమ్మని పిలవడమో, ఆ బెల్లుకి అర్థం ఎవరూ నాకు విడమర్చి చెప్పలేదు. నేనూ అడగలేదు.

చదువైపోయింది, టౌన్లో బళ్ళో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. తోటలవైపు వెళ్ళే దారి పెద్దరోడ్డుని దాటేచోటుని అడ్డరోడ్డు అంటాం. దానికి రెండువందల గజాల ఇవతల ఇల్లు కట్టుకున్నాను. ఇల్లు చేరిన మొదటి వేసవిలోనే ఒకరోజు పొద్దున్న గేటు ముందు ఒకదాని వెనక ఒకటి ఇరవై ముప్ఫై బెళ్ళు మోగాయి. నా భార్య ఉలిక్కిపడి లేచింది. "ఎవరండీ వీళ్ళు, పనీ పాటా లేదా" అంది. మా ఊరి ముఠావాళ్ళని చెప్పాను.

తర్వాత తర్వాత ఆమెకే అలవాటైంది. కాఫీ పెడుతూ లెక్కపెట్టేది. "ఇవాళ ఒకటి తగ్గిందండీ, ఎవరికో ఒంట్లో బాగాలేనట్టుంది" అనేది. ఏళ్ళు గడిచేకొద్దీ నిజంగానే తగ్గుతూ వచ్చాయి. కుర్రాళ్ళు బైకులు కొనుక్కున్నారు, మిగతా ముఠాలు ఆటోలు కుదుర్చుకున్నాయి. మా ఊరి ముఠాలో సైకిళ్ళు పద్నాలుగు మిగిలాయి. ఆ పద్నాలుగూ సీజన్లో రోజూ మా గేటు ముందు మోగేవి. నేను మంచం దిగకుండానే వినేవాణ్ణి. ఒక్కరోజైనా గేటు తీసుకుని బయటికొచ్చి చెయ్యి ఊపిన గుర్తు లేదు.

ఈలోగా పెద్దరోడ్డు వెడల్పు చేశారు. గుంతల్లో కుంటుకుంటూ పోయే లారీలకి రెక్కలొచ్చాయి. అడ్డరోడ్డు దగ్గర లైటు లేదు, స్పీడు బ్రేకరు లేదు. తోటలకి వెళ్ళేవాళ్ళు ఆ చీకట్లో ఎప్పుడు దాటతారో రోడ్డు వేసినవాళ్ళు ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం వాళ్ళకేముంది, వాళ్ళింటి మామిడిపండు పళ్ళెంలోనే కదా పుడుతుంది.

కిందటేడు సీజను మొదట్లో ఒకరోజు పద్నాలుగు బెళ్ళూ మోగాయి. నేను పక్కకి తిరిగి పడుకున్నాను. కాసేపటికి అడ్డరోడ్డు వైపునుంచి బ్రేకు కీచుమన్న చప్పుడు, తర్వాత ఇంకేదో చప్పుడు. లుంగీ మీదే పరిగెత్తాను. పదమూడుగురూ అవతల ఉన్నారు. లైటు మావయ్య రోడ్డు మధ్యలో ఉన్నాడు. ఎప్పటిలాగే అందరినీ దాటించి, అవతలి తలలు లెక్కపెట్టుకుని, తను చివర ఒక్కడే బయల్దేరాడు. గుద్దిన లారీలో మామిడికాయల ట్రేలున్నాయి. ముందురోజు వాళ్ళు కోసిన తోట కాయే. డ్రైవరు కుర్రాడు తలపట్టుకుని రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు. వాణ్ణి కొట్టడానికి కూడా ఎవరికీ చెయ్యి రాలేదు.

సమాధుల తోటకి ముఠా అంతా సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చింది, ఎక్కకుండా. మావయ్య సైకిల్ని మేస్త్రి బాబాయ్ నడిపించాడు. ముందు చక్రం వంకరపోయి తిరగట్లేదు. దాన్ని సగం మోసుకుంటూ తెచ్చాడు.

ఆ తర్వాత తోక స్థానం బాబాయ్ తీసుకున్నాడు. ఆయనకి అరవై దాటి చాలా ఏళ్ళైంది. చత్వారం ఉంది, కుడి చెవి సరిగ్గా వినపడదు. ఈ ఏడు సీజనుకి ముందు ఒక సాయంత్రం మా ఇంటికొచ్చాడు. చెప్పులు గేటు బయటే వదిలాడు. వద్దన్నా వినలేదు.

"ఇంకొకణ్ణి అక్కడ నిలబెట్టి నేను ముందు పోలేను అబ్బాయ్" అన్నాడు. "అందుకని నేనే ఉంటున్నాను. ఉంటాను గానీ, లారీ చప్పుడు నాకు ఎడంవైపు తెలిసినట్టు కుడివైపు తెలియట్లేదు."

నా భార్య టీ తెచ్చిపెట్టింది. ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అసలు సంగతి చెప్పాడు.

"ఆదివారాలు మీ క్లబ్బువాళ్ళు రోడ్డు దాటడం చూశాను. మీవాళ్ళు ఇద్దరు అడ్డంగా నిలబడితే బస్సులు కూడా ఆగిపోతున్నాయి. భలే ముచ్చటేసింది. మాకూ సీజన్లో పొద్దున ఓ అరగంట అలా ఆగేట్టు ఏదైనా చెయ్యమని పెద్దవాళ్ళని అడుగుతావా? ఒక లైటు, రెండు స్పీడు బ్రేకర్లు వేసినా చాలు. నువ్వు చెప్తే వింటారు."

చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను. ఆ చేతిని ఇప్పుడు చూసుకోవాలంటే నాకు అసహ్యం.

మా అధ్యక్షుడు డాక్టరు గారికి చెబితే ఎగిరి గంతేశాడు. "బ్రహ్మాండమైన ఐడియా మాస్టారూ, రోడ్డు భద్రత కోసం పెద్ద రైడ్ పెడదాం, చుట్టుపక్కల ఊళ్ళనుంచి కూడా పిలుద్దాం, ఆ ముఠావాళ్ళని కూడా రమ్మనండి, బాగుంటుంది" అన్నాడు. బాగుంటుందంటే ఫోటోలో బాగుంటుందని. నాకు అప్పుడే అర్థమై ఉండాలి. అర్థమయ్యే ఉంటుంది. ఒక అర్జీ రాశాను. లైటు, స్పీడు బ్రేకర్లు, సీజన్లో పొద్దున అరగంట బళ్ళని ఆపడానికి ఒక మనిషి. పద్నాలుగో వాడు ఎలా పోయాడో నాలుగు వాక్యాల్లో రాశాను. కింద బాబాయ్ తన పేరు కూడబలుక్కుని సంతకం చేశాడు. రైడ్ చివర సభలో దాన్ని నేను చదివి, ముఖ్య అతిథిగా వచ్చే రోడ్ల శాఖ అధికారి చేతిలో పెట్టాలని అనుకున్నాం.

మే నెల, కోత ముమ్మరంగా ఉన్న రోజులు. ఆ ఆదివారం కోత మానుకుని ముఠా మొత్తం వస్తామంది. షెడ్డు ఆసామి నానా మాటలన్నాడట. పడ్డారు. నేను బయల్దేరుతుంటే నా భార్య బైబిలు సంచీ సర్దుకుంటూ "ఆరాధన మానేసి ఈ సైకిలేంటండీ" అంది. ఇది కూడా దేవుడి పనే అన్నాను. చాలా గంభీరంగా అన్నాను.

మైదానంలో బ్యానరు చూశాను. "ఆరోగ్యం కోసం, ఆనందం కోసం" అని ఉంది. రోడ్డు ఊసు, భద్రత ఊసు ఎక్కడా లేదు. డాక్టరు గారిని అడిగితే భుజం మీద చెయ్యి వేశాడు. "అతిథిగారికి ఫిర్యాదుల కార్యక్రమం అంటే నచ్చదటండీ. పేరు మార్చాం, అంతే. మీ పేపరు మీ దగ్గరే ఉందిగా." ఉంది, చొక్కా జేబులో ఉంది. బ్యానరుదేముంది, గుడ్డే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

బాబాయ్‌వాళ్ళు అందరికంటే ముందే వచ్చి ఒక మూల నిలబడి ఉన్నారు. క్లబ్బు ఇచ్చిన పసుపుపచ్చ టీషర్టుల్ని చొక్కాల పైనే వేసుకున్నారు. ఒక్కొక్కరు రెండింతలు లావుగా కనిపించారు. ముందు వాళ్ళని వరుసలో ముందు పెట్టి ఫోటో తీశారు. బయల్దేరేముందు వెనక్కి పంపేశారు. రెండొందల సైకిళ్ళ దాకా ఉంటాయి. ఎన్ని గేర్లో, ఎన్ని రంగుల అద్దాలో. వాటి వెనక పదమూడు నల్ల సైకిళ్ళు, వాటికి అలవాటైన క్రమంలోనే కదిలాయి. అందరికంటే మెల్లగా తొక్కేవాడు ముందు, బాబాయ్ తోక.

బస్టాండు దాటాక ముఠాలో ఒకడి చైను ఊడింది. పదమూడుగురూ దిగేశారు. వాళ్ళ వెనక వస్తున్న మా స్వీపరు, బట్టల కొట్టాయన, విజిలు ఊది "ఒక్కడి కోసం అందరూ ఆగుతారేంటయ్యా, కదలండి" అని అరిచాడట. వాళ్ళకి ఆ మాట అర్థం కాలేదట. ఒక్కడి కోసం కాకపోతే ఇంకెవరి కోసం ఆగుతారు? చివరికి ఆయనే విసుగెత్తి వాళ్ళని దాటుకుని ముందుకెళ్ళిపోయాడు. అలా మా నియమాల ప్రకారం అందరికంటే వెనక ఉండాల్సిన మనిషి ముందుకు పోయాడు.

నేను మార్షల్ని కాబట్టి ముందే వెళ్ళి అడ్డరోడ్డు దగ్గర కాపున్నాను. నాతో ఇంకో మార్షలున్నాడు. ఇద్దరం అటూ ఇటూ పట్టుకుని పెద్దరోడ్డుకి అడ్డంగా తాడు లాగాం. ఒక ఆర్టీసీ బస్సు ఆగింది, దాని వెనక లారీలు బారులు తీరాయి. ఒక్క తాడు, ఇద్దరు మనుషులు. మావయ్య పోయిన చోట బళ్ళు ఆగి ఉంటే చూడటం నాకు అదే మొదటిసారి. ఇంత తేలికా అనిపించింది.

క్లబ్బు సైకిళ్ళన్నీ దాటి అవతల చెట్లకింద ఆగాయి. ఆఖర్న ముఠా వచ్చింది. రోడ్డు మధ్యకి రాగానే వాళ్ళు ఒక్కొక్కరూ బెల్లు కొట్టడం మొదలుపెట్టారు, తలొంచుకుని, ఒకరి వెనక ఒకరు. లైటు మావయ్య కోసం, అతను పోయిన ఈ చోట కిందటేడు నుంచీ దాటినప్పుడల్లా కొడుతున్న బెల్లే. ఒక సీజనుతో ఆపెయ్యాల్సింది వాళ్ళు ఆపలేదు.

అవతలున్నవాళ్ళు అది విన్నారు. సరదాకి కొడుతున్నారనుకున్నారు. ముందు ఎవరో ఒకరు టింగుమనిపించారు, అందరూ అందుకున్నారు. రెండొందల బెళ్ళు. ఈలలు. కాలేజీ పిల్లలు "హో" అని కేకలు. డాక్టరు గారు రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు, ఎవరో సెల్లు పెట్టి వీడియో తీస్తున్నారు. ముఠావాళ్ళు బిత్తరపోయి చేతులు బెళ్ళమీంచి తీసేశారు. నేను తాడు కొస పట్టుకుని రోడ్డు మీదే ఉన్నాను, గట్టిగా అరిచి చెప్తే వినపడేంత దూరంలో. ఇక్కడ మనిషి పోయాడు, ఆపండి అని నాలుగు మాటలు చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందరూ అంత ఆనందంగా ఉన్నారు, పాడుచెయ్యడం ఎందుకనిపించింది.

పన్నెండుగురు అవతలికి చేరారు. బాబాయ్ ఇవతలే సైకిలు దిగి నిలబడ్డాడు. పట్టపగలు కాబట్టి టార్చి లేదు. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని అవతల తలలు చూసుకుంటున్నాడు. రెండొందలమందిలో తనవాళ్ళని ఏరుకోవాలంటే కొంచెంసేపు పడుతుంది కదా. అప్పుడే అవతలనుంచి ఫోటోగ్రాఫరు కేకేశాడు. "మార్షల్స్ కూడా రండి సార్, గ్రూపు ఫోటో, అతిథిగారు వచ్చేశారు." బస్సు డ్రైవరు హారన్ మోగించాడు. నేను బాబాయ్‌ని చూశాను. చూశాను. ఒక్క నిమిషం కదా, ఆయన వచ్చేస్తాడులే అనుకున్నాను. తాడు నా కొసనుంచే వదిలి, చుట్టుకుంటూ అవతలికి పరిగెత్తాను.

బస్సు కదిలింది. దాని వెనక లారీలన్నీ కదిలాయి.

ఆ ఫోటో తర్వాత గ్రూపులో పెట్టారు. రెండో వరుసలో నేను పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నాను. మా తలల వెనక రోడ్డు, రోడ్డు మీద రెండు లారీలు, ఆ రెంటి సందులో అవతలి గట్టున పసుపుపచ్చ టీషర్టు ఒకటి. వెతికితే గానీ కనపడదు. నేను వెతికాను. అంతమంది కలిసి దాటడానికే పెట్టుకున్న రైడ్‌లో కూడా చివరివాడు ఒక్కడే లారీలు తెరిపిచ్చేదాకా ఆగి, ఒక్కడే దాటొచ్చాడు. ఆయన దగ్గరికెళ్ళి సారీ బాబాయ్ అన్నాను. "పర్లేదులే, అలవాటేగా" అన్నాడు.

ఆ చెట్లకిందే పెట్టిన సభలో నాకు శాలువా కప్పారు. రైడ్ బాగా నడిపించినందుకట. మైకు చేతికిచ్చేటప్పుడు డాక్టరు గారు చెవిలో చెప్పాడు. "ఎండెక్కుతోంది, రెండే నిమిషాలు. ఆ చావు సంగతి ఇప్పుడొద్దండీ, పిల్లలున్నారు. సోమవారం ఆయన ఆఫీసులో మనమే ఇద్దాం." జేబులో కాగితం ఉంది. చెమటకి తడిసి గుండెకి అంటుకుంటోంది. జనం చివర ఎండలో పదమూడుగురూ గొంతుక్కూర్చుని నా వైపే చూస్తున్నారు. వాళ్ళు వచ్చింది నేను ఆ కాగితం చదువుతానని.

నేను సైకిలు తొక్కితే గుండెకి మంచిదని చెప్పాను. రోజుకి అరగంట తొక్కండి, షుగరు రాదని చెప్పాను. పొద్దున్నే లేవడం అలవాటు చేసుకోమని చెప్పాను. నాలుగున్నరకి లేచి, రానూ పోనూ పన్నెండు కిలోమీటర్లు తొక్కి, మధ్యలో చెట్లెక్కేవాళ్ళకి చెప్పాను. చప్పట్లు బాగానే కొట్టారు. బాబాయ్ కూడా కొట్టాడు. ఆయనకి మర్యాద తెలుసు.

చివర్లో అందరికీ మొక్కలు పంచారు. ముఠావాళ్ళకి కూడా ఇచ్చారు, మామిడి మొక్కలే. ఏడాదంతా మామిడిచెట్ల మధ్య బతికేవాళ్ళకి మామిడి మొక్కలు. బాబాయ్ తనదాన్ని తిప్పి చూసి, వేరే ఏమీ అనకుండా, "ఇది అంటు కట్టింది కాదు, టెంక మొక్క" అని సైకిలు వెనక కట్టుకున్నాడు. కాగితం సోమవారం తప్పకుండా ఆఫీసులో ఇస్తాను బాబాయ్ అన్నాను.

"అలాగేనండీ మాస్టారూ" అన్నాడు.

నా చిన్నప్పటినుంచీ ఆయన నోట అబ్బాయ్ తప్ప ఇంకో మాట వినలేదు నేను. వెటకారంగా అని ఉంటే బాగుండేది. ఆయన గౌరవంగానే అన్నాడు.

సోమవారం పొద్దున మెలకువ వచ్చి పడుకునే ఉన్నాను. సైకిళ్ళ చప్పుడు వినబడింది, గొలుసుల గరగర, గెడల కిర్రు. గేటు ముందునుంచి వెళ్ళిపోయాయి. ఒక్క బెల్లూ మోగలేదు. వంటింట్లో నా భార్య కాఫీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాసేపటికి అడ్డరోడ్డు వైపునుంచి, దూరంగా, బెళ్ళు మోగాయి. ఆమె పన్నెండు దాకా లెక్కపెట్టి ఆగింది. ఒక నిమిషం తర్వాత ఇంకొకటి మోగింది.

"మనింటి దగ్గర మర్చిపోయారేమోనండీ" అంది. ఆమెకి తెలుసు.

కాగితం ఆఫీసులో ఇచ్చాను. డాక్టరు గారికి ఏదో పనిపడి రాలేదు. అక్కడున్నాయన చదవకుండానే తీసుకుని, "చూస్తామండీ" అని ఇంకో నాలుగు కాగితాల కింద పెట్టాడు. మంగళవారం కూడా గేటు ముందు బెళ్ళు లేవు. బుధవారం నేను నాలుగింటికే లేచి, క్లబ్బు ఎర్రజెండా తీసుకుని నడుచుకుంటూ అడ్డరోడ్డు దగ్గరికెళ్ళాను. నా తప్పు దిద్దుకోవడానికే వెళ్ళానని ఇక్కడ రాసుకోవచ్చు. నిజం చెప్పాలంటే ఆ బెల్లు మళ్ళీ నా గేటు ముందు మోగాలని వెళ్ళాను.

ముఠా వచ్చింది. నన్ను చూసి దిగారు. నేను రోడ్డులోకి వెళ్ళి జెండా ఎత్తాను. వస్తున్న లారీ కొంచెం దూరంలోనే గుర్రుమంటూ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి ఏదో తిట్టాడు. పన్నెండుగురూ బెళ్ళు కొట్టుకుంటూ దాటారు. బాబాయ్ ఇవతలే ఉన్నాడు, టార్చి వేసి అవతల తలలు చూసుకుంటున్నాడు.

"దాటు బాబాయ్, నేను ఆపుతున్నాగా" అన్నాను.

ఆయన టార్చి నా మీదికి తిప్పాడు.

"మీరు దాటండి మాస్టారూ. నా వెనక మనిషి మిగలకూడదు."

"నేను బళ్ళు ఆపడానికే వచ్చాను. నాకు దాటాల్సిన పని లేదు."

"రోడ్డు మీదున్నవాళ్ళంతా నా లెక్కలోకే వస్తారండీ" అన్నాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. పాతికేళ్ళ కిందట తాళం వేసిన గేటు ముందు చెప్పినట్టే చెప్పాడు. "తాడైనా జెండా అయినా, పట్టుకున్న మనిషి ఏ క్షణాన వదిలేస్తాడో నాకు తెలీదు కదా. అవతలికెళ్ళి నిలబడండి. అప్పుడు నాకు నిశ్చింత."

లారీ హారన్ మోగుతూనే ఉంది. దాని వెనక ఇంకోటి వచ్చి ఆగింది. ఆయన కదలడు. నేను జెండా దించి అవతలికి దాటాను. లారీలు రెండూ పోయాయి. తర్వాత మూడోది పోయింది. ఆయన ఎడమచెవి రోడ్డుకేసి పెట్టి విని, మెల్లగా సైకిలు నడిపించుకుంటూ, బెల్లు ఒకసారి కొట్టి, మా దగ్గరికొచ్చాడు.

అడగకూడదనుకుంటూనే అడిగాను. "మా ఇంటి ముందు బెల్లు కొట్టట్లేదేంటి బాబాయ్?"

"మీరు పడుకునుంటారు కదండీ" అన్నాడు. "నిద్ర చెడగొట్టడం ఎందుకని."

సైకిళ్ళెక్కి తోటల దారిలోకి వెళ్ళిపోయారు. టార్చి వెలుగు కొంతదూరం కనిపించి మలుపులో కనబడకుండా పోయింది. జెండా పట్టుకుని అక్కడ నేనొక్కణ్ణే మిగిలాను. నా ఇల్లు ఇప్పుడు రోడ్డుకి అవతలుంది. ఇంటికి రావాలంటే మళ్ళీ దాటాలి. జెండా ఎత్తాను. టార్చీ ముఠా లేకుండా, చీకట్లో ఒక్క మనిషి చేతిలో గుడ్డముక్కని ఏ లారీ పట్టించుకుంటుంది? ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. తెల్లారేదాకా అక్కడే నిలబడ్డాను.